హాస్యసంజీవని వారసులు

డాలస్ నగరానికి వాయవ్యాన, విమానాశ్రయం అంచున ఉన్న కాపెల్‌లో నాలుగు తెలుగు కుటుంబాలు ఒక భోజనాల బల్ల దగ్గర చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా కాసేపటికి జంధ్యాల సినిమాల్లోకి వచ్చి పడతాయి. ఒకరు సగం మాట అందిస్తే మరొకరు మిగతా సగం పూర్తి చేస్తారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం పెద్దవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక చూస్తూ ఉంటారు. ఈ హాస్యం ఎక్కడిదన్న ప్రశ్న వస్తే చాలామంది దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: గోదావరి నీళ్ళ మహిమ. వినడానికి బాగుంటుంది. కాని ఆ నది కొన్ని వేల ఏళ్ళుగా పారుతోంది. వచనంలో, వాడుక మాటల్లో, నాలుగు పాత్రలు ఎదురెదురుగా నిలబడి వాదించుకునే తెలుగు హాస్యానికి మాత్రం నూట యాభై ఏళ్ళకు మించి వయసు లేదు. దాని పుట్టుక నీళ్ళకన్నా అచ్చు సిరాకు దగ్గరగా ఉంది. ఆ సిరా కూడా ఒక పత్రికా కలహంలో ఒలికినది.

1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వివేకవర్ధనిని ప్రారంభించాడు. అప్పటికి మూడేళ్ళ ముందే చెన్నపట్నంలో కొక్కొండ వెంకటరత్నం పంతులు ఆంధ్రభాషాసంజీవనిని నడుపుతున్నాడు. ఇద్దరూ పండితులే. ఒకరి పత్రిక స్త్రీవిద్యను సమర్థించింది, మరొకరి పత్రిక వ్యతిరేకించింది. వాదం ముదిరిన కొద్దీ వ్యాసాలు చాలలేదు. వీరేశలింగాన్నీ ఆయన పత్రికనూ ఎగతాళి చేయడానికి కొక్కొండ తన పత్రికకు అనుబంధంగా హాస్యవర్ధనిని తెచ్చాడు. దానికి జవాబుగా 1876లో వీరేశలింగం హాస్యసంజీవనిని మొదలుపెట్టాడు. పేర్లలోనే చమత్కారం ఉంది. వివేకవర్ధనిలోని 'వర్ధని'ని కొక్కొండ ఎత్తుకుపోతే, ఆంధ్రభాషాసంజీవనిలోని 'సంజీవని'ని వీరేశలింగం లాక్కొచ్చాడు. శత్రువు పేరునే తిరగేసి అతని మీదికి విసిరే పేరడీ, లోపలి రచనలకన్నా ముందు ముఖపత్రం మీదే జరిగిపోయింది.

అదే 1876లో, ఫిబ్రవరి నెలలో, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు లండన్ 'పంచ్' పత్రికను చూసి హార్వర్డ్ లాంపూన్‌ను ప్రారంభించారు. ఆ మరుసటి ఏడాది లక్నోలో అవధ్ పంచ్ వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియని మూడు ఊళ్ళలో రెండేళ్ళ వ్యవధిలో మూడు హాస్యపత్రికలు పుట్టాయి. వీటిలో హార్వర్డ్ పత్రిక కథ అమెరికాలో ఉన్నవారికి కొంత పరిచితమే. అందులో రాసిన హెన్రీ బియర్డ్, డగ్ కెన్నీ, రాబర్ట్ హాఫ్‌మన్ 1970లో నేషనల్ లాంపూన్ స్థాపించారు. 1973లో ఆ పత్రిక 'లెమింగ్స్' పేరుతో రంగస్థలం ఎక్కింది, రేడియోలోకి వెళ్ళింది. అక్కడ ఆడిపాడిన జాన్ బెలూషీ, చెవీ చేజ్ 1975లో సాటర్‌డే నైట్ లైవ్ తొలి బృందంలో తేలారు. పత్రికలో రాసిన మైకేల్ ఓడనహ్యూ ఆ కార్యక్రమానికి మొదటి ప్రధాన రచయిత. 1978లో 'యానిమల్ హౌస్' వచ్చింది. అదే పత్రికలో జాన్ హ్యూస్ 1979లో రాసిన ఒక కథ 1983లో 'వెకేషన్' సినిమా అయింది. పేజీ, రంగస్థలం, రేడియో, టెలివిజన్, వెండితెర అనే మెట్లన్నీ పదమూడేళ్ళలో ఎక్కేశారు. ఎవరు ఎవరి తరవాత వచ్చారో పేర్లతో సహా చెప్పవచ్చు.

తెలుగులోనూ హాస్యం అదే మెట్లు ఎక్కింది. కాకపోతే దానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. అక్కడ మనుషులు ఒక చోటి నుంచి మరో చోటికి నడిచారు. ఇక్కడ నడిచింది ఒక ప్రక్రియ, ఒక మాటతీరు. హాస్యసంజీవనికి కోటలాంటి కార్యాలయం కట్టినవారు లేరు, ఏటేటా కొత్త రచయితలను చేర్చుకునే ఏర్పాటు లేదు. ఉన్నది ఒక మనిషి, ఆయన పంతం. పత్రికకు దీర్ఘాయువు దక్కలేదు. అందువల్ల దాని ప్రభావాన్ని వారసుల జాబితాలో వెతికితే దొరకదు. అది వదిలిపెట్టిన ప్రక్రియలో వెతకాలి.

ఆ ప్రక్రియ ప్రహసనం. తెలుగులో తొలి ప్రహసనంగా సాహిత్య చరిత్రకారులు చెప్పే 'బ్రాహ్మవివాహము' 1876లో హాస్యసంజీవనిలోనే వెలువడింది. జనం దాన్ని 'పెద్దయ్యగారి పెళ్ళి' అన్నారు. ముసలి వరుడు, పసి వధువు, మధ్యలో బేరసారాలు. తరవాత న్యాయవాదుల లోకం మీద 'వ్యవహారధర్మబోధిని' వచ్చింది. దానికీ జనం పెట్టిన పేరే నిలిచింది: 'ప్లీడరు నాటకం'. పండితుడు పెట్టిన సంస్కృత నామాన్ని పక్కకు నెట్టి పాఠకులు తమ పేరు పెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ రచనలు ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో అది చెబుతుంది.

సంస్కృతంలో ప్రహసనం ప్రాచీన రూపకభేదమే. కపట సన్న్యాసులనూ కాముకులనూ అది ఎప్పటినుంచో నవ్వుతూనే ఉంది. వీరేశలింగం చేసిన కొత్త పని వేరు. నీతిచంద్రికకు కొనసాగింపుగా విగ్రహాన్ని గ్రాంథిక వచనంలో రాసిన చేత్తోనే, ఈ ప్రహసనాల్లో ఏ పాత్రకు ఆ పాత్ర మాటను ఇచ్చాడు. పురోహితుడు ఒకలా, వకీలు ఒకలా, పల్లెటూరి కక్షిదారు ఒకలా మాట్లాడతారు. ఇందులో భాషా సిద్ధాంతం కన్నా పత్రికా కలహపు అవసరమే ఎక్కువ. ప్రత్యర్థి, మాటల్లో సైతం గ్రాంథికాన్ని వదలని పండితుడిగా పేరుపడ్డవాడు. అటువంటివాణ్ణి ఓడించాలంటే అంతకన్నా మంచి గ్రాంథికం రాయడం ఒక దారి. గ్రాంథికం పక్కన వీధిమాటను నిలబెట్టి, ఆ రెంటి మధ్య దూరాన్ని చూపి నవ్వించడం రెండో దారి. వీరేశలింగం రెంటినీ వాడాడు. 'అభాగ్యోపాఖ్యానము'లో ప్రబంధ ఫక్కినే అనుకరించి వెక్కిరించాడు. ప్రహసనాల్లో రెండో దారి పట్టాడు. నిలిచింది రెండోది. తన వచనంలో గ్రాంథికాన్ని చాలాకాలం పూర్తిగా వదులుకోని ఈ మనిషే 1919లో, మరణానికి కొద్ది నెలల ముందు, గిడుగు రామమూర్తి ప్రేరణతో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. నవ్వించడానికి నాలుగు దశాబ్దాల కిందటే ఒప్పుకున్నదాన్ని సిద్ధాంతంగా అప్పటికి ఒప్పుకున్నాడన్నమాట.

తెలుగు హాస్యం మీద హాస్యసంజీవని వేసిన ముద్ర ఇదే. కథలో ఏం జరిగిందన్నది కాదు, ఎవరు ఎలా మాట్లాడారన్నది నవ్వు పుట్టిస్తుంది. చాప్లిన్ తరహా దేహహాస్యానికి తెలుగులో పెద్ద పీట ఎన్నడూ పడలేదు. అరటితొక్క మీద జారిపడినవాడికన్నా, జారిపడి లేస్తూ ఏదో ఒక మాట అన్నవాడే తెలుగువాడికి గుర్తుంటాడు.

ఈ ముద్రను అందుకున్నవారిలో మొదటివాడు, అందరికన్నా పెద్దవాడు, విజయనగరంలో ఉన్నాడు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరిగి వచ్చింది. ముసలి వరుడు, పసి వధువు, కోర్టు వ్యవహారం, దొంగసాక్ష్యాలు, పాత్రకో భాష: ఇవన్నీ ప్రహసనాలు సిద్ధం చేసి పెట్టిన సరుకే. గురజాడ ఆ సరుకుతో రెండు పనులు చేశాడు. హాస్యసంజీవని చేయలేనివి ఆ రెండే.

మొదటిది గిరీశం. వీరేశలింగం ప్రహసనంలో నవ్వు ఎప్పుడూ ఒకే వైపుకు పారుతుంది. సంస్కర్త ఒడ్డున నిలబడి ఛాందసుణ్ణి చూసి నవ్వుతాడు. పత్రికా కలహంలో పుట్టిన హాస్యానికి అది సహజం. తన పక్షాన్ని తానే వెక్కిరిస్తే వాదం ఓడిపోతుంది. గురజాడ సంస్కరణ భాషనంతా తీసుకెళ్ళి ఒక మోసగాడి నోట్లో పెట్టాడు. వితంతు వివాహం గురించి గిరీశం చెప్పేవాటిలో చాలావరకు నిజాలే. చెప్పేవాడే నిజం కాదు. మంచి మాటను ఎలా అమ్ముకోవచ్చో చూపించిన తొలి తెలుగు పాత్ర అతడు.

రెండోది మధురవాణి. వేశ్యాలోలత మీద వీరేశలింగం తరం జరిపిన దండయాత్రలో వేశ్య ఒక సమస్య, లేదా ఒక ఉచ్చు. ఆమెకు సొంత వాక్యం లేదు. 'కన్యాశుల్కం'లో అందరికన్నా చురుకైన వాక్యం ఆమెదే. చివరి అంకంలో, వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న సౌజన్యారావు పంతులు ఎదుటికి ఆమె పురుషవేషంలో వచ్చి మాట్లాడుతుంది. ఎవరి మీద నవ్వుతూ వచ్చారో ఆ మనిషికి నవ్వే హక్కు ఇచ్చిన సన్నివేశం అది. హాస్యసంజీవనికి గురజాడ చేసిన దిద్దుబాటు అది. ఆ దిద్దుబాటు ఇరవయ్యో శతాబ్దపు తెలుగు హాస్యానికి పూర్తిగా ఎన్నడూ ఒంటబట్టలేదు.

గురజాడ నేర్పినదాన్ని పక్కనపెట్టి తొలి ప్రహసనాల దారినే తిరిగి వెళితే ఏమవుతుందో చెప్పడానికి కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' ఒక్కటి చాలు. అది కూడా సంస్కరణ నాటకమే, వేశ్యాలోలత వల్ల కొంపలు కూలడమే వస్తువు. ఊరూరా తిరిగిన కొద్దీ అందులో సుబ్బిశెట్టి పాత్ర పెరిగింది. నటులు ప్రేక్షకుల ఈలలకు తగినట్టు మాటలు చేర్చుకుంటూ పోయారు. నాటకం దేన్ని ఎత్తిచూపడానికి పుట్టిందో అది మరుగునపడి, ఒక కులాన్నీ ఒక వృత్తి స్త్రీలనూ చూసి నవ్వడమే మిగిలింది. వైశ్య సంఘాల నిరసనల దరిమిలా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. నిషేధం సరైన మందు కాదనేవారి వాదనలో బలం ఉంది. కాని ఆ రోగం మాత్రం నిజమైనదే, నూరేళ్ళ నాటిది కూడా.

పత్రికల దారి వేరుగా సాగింది. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1913లో సువర్ణలేఖలో 'సాక్షి' వ్యాసాలు మొదలుపెట్టి, 1920 తరవాత ఆంధ్రపత్రికలో కొనసాగించాడు. నమూనా అడిసన్, స్టీల్‌ల 'స్పెక్టేటర్'. జంఘాలశాస్త్రి మాత్రం పూర్తిగా తెలుగు ఉపన్యాసకుడే, ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ప్రహసనాలు రాశాడు, 'గణపతి' నవల రాశాడు. ఆ నవల తరవాత రేడియో నాటకమై కొన్ని తరాలను నవ్వించింది. రాజమండ్రిలోనే బడిపంతులుగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావు మోలియేర్‌ను తెలుగువాణ్ణి చేశాడు.

ఆ తరవాతి మలుపు ముళ్ళపూడి వెంకటరమణది. ధవళేశ్వరంలో పుట్టి, రాజమండ్రి వీరేశలింగం హైస్కూలులో కొంతకాలం చదివిన ఈయన 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ఉపసంపాదకుడు. పత్రిక ఉద్యోగమంటే పేజీ నింపాలి, శుక్రవారానికల్లా నింపాలి. బాపు బొమ్మ గీసి కూర్చుంటే దాని పక్కన మాట కావాలి. ఆ ఒత్తిడిలోంచే బుడుగు వచ్చాడు. సీగానపెసూనాంబ, రెండుజెళ్ళ సీత, అప్పుల అప్పారావు వచ్చారు. ఇక్కడ హాస్యసంజీవని సూత్రం పరాకాష్ఠకు చేరింది. బుడుగుకు కథ అంటూ పెద్దగా లేదు, ఉన్నదంతా మాటే. పెద్దవాళ్ళ మాటలను పిల్లవాడు తన లెక్కలో పెట్టి తిరిగి చెప్పడంలోనే వాళ్ళ ప్రపంచం మొత్తం బయటపడుతుంది. 'రాజకీయ బేతాళ పంచవింశతి' వంటివాటిలో ఆయన వ్యంగ్యం సూటిగా అధికారం వైపే గురిపెట్టింది.

పేజీ నుంచి తెరకు దాటడం ఇక్కడే జరిగింది. 1962లో 'రక్తసంబంధం'తో ముళ్ళపూడి మాటల రచయితగా సినిమాల్లో కనిపించాడు. అది కన్నీటి సినిమా కావడం విధి చేసిన హాస్యం. 1967లో బాపు దర్శకుడిగా 'సాక్షి' వచ్చింది. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టర్ పాత్రలో 'ప్లీడరు నాటకం' నాటి రక్తం కనిపిస్తుంది. హత్యను కూడా కళాభిరుచితో, తీరుబాటు భాషలో మాట్లాడే ఆ మనిషిని చూసి నవ్వుతూనే జనం భయపడ్డారు. కొత్త డబ్బు నేర్చుకున్న కొత్త సభ్యత ఆ మాటతీరులో ఉంది. ఒక వ్యక్తి వెనక ఒక వ్యవస్థను చూపగలిగిన హాస్యం అది.

జంధ్యాల ఈ వరసలో పత్రికలకు ఎంత దగ్గరివాడో ఆయన సినిమాల పేర్లే సాక్ష్యం. 1983 నాటి 'రెండుజెళ్ళ సీత' పేరు బాపు రమణల పాత్రది. 1984 నాటి 'శ్రీవారికి ప్రేమలేఖ'కు మూలం చతుర మాసపత్రికలో వచ్చిన పొత్తూరి విజయలక్ష్మి నవల. 1986 నాటి 'రెండు రెళ్ళు ఆరు', 'చంటబ్బాయ్' మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలు. మరుసటి ఏడాది వచ్చిన 'అహ నా పెళ్ళంట' ఆదివిష్ణు రచన. ఆయన దగ్గర పనిచేసిన ఇ.వి.వి. సత్యనారాయణ సినిమాల్లో ఒకదాని పేరు 'అప్పుల అప్పారావు'. అమెరికాలో జాన్ హ్యూస్ కథ సినిమా అయినట్టే, అదే దశాబ్దంలో, తెలుగు వారపత్రికల, మాసపత్రికల హాస్యం వెండితెరకు తరలింది.

ఆ తరలింపులో ఏదో జారిపోయింది కూడా. మాటతీరు భద్రంగా చేరింది, గురి మారింది. వీరేశలింగానికి పెళ్ళి మార్కెట్టు, కోర్టు గురి. గురజాడకు అవి కాక సంస్కర్త కూడా. ముళ్ళపూడికి కాంట్రాక్టరు, రాజకీయ నాయకుడు. జంధ్యాల పాత్రలను చూస్తే ఒకడు పిసినారి, ఒకావిడ చూసిన సినిమాను టైటిళ్ళతో సహా చెప్పి ప్రాణం తీస్తుంది, మరొకావిడ తన రచనలతో పత్రికా సంపాదకుణ్ణి హింసిస్తుంది. వ్యవస్థ మీద ఉండే చూపు వ్యసనం మీదికి వచ్చింది. జంధ్యాల ఈ వ్యసనాలను ఎంతో శుభ్రంగా, ప్రేమగా చూపాడు. తిట్లు కూడా ఎవరికీ తగలకుండా కొత్తగా కల్పించాడు. ఆ శుభ్రతే ఆయన గొప్పతనం, ఆయన హద్దు కూడా. ఎవరినీ నొప్పించని హాస్యాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చు. ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు.

మధురవాణి విషయంలో నష్టం ఇంకా స్పష్టం. శ్రీలక్ష్మి వంటి గొప్ప హాస్యనటికి దొరికిన పాత్రల్లో ఎక్కువ భాగం, భర్తను, అన్నను లేదా ఎదుటివాణ్ణి విసిగించేవే. నవ్వు ఆమె మీద పుడుతుంది, ఆమె నవ్వదు. విచిత్రమేమిటంటే ఆ సినిమాలకు ఆధారమైన అచ్చు ప్రపంచంలో పరిస్థితి వేరు. భానుమతి 'అత్తగారి కథలు'లో కథ చెప్పేది కోడలు. అత్తగారిని చూసి ఎంత నవ్విస్తుందో తనను చూసి తాను అంత నవ్వుకుంటుంది. 'శ్రీవారికి ప్రేమలేఖ' మూలరచయిత్రి కూడా స్త్రీయే. పత్రికల్లో నవ్వించే స్త్రీ, తెర మీదికి వచ్చేసరికి నవ్వులపాలయ్యే స్త్రీ అయింది. ఈ ఆరోపణ ఒక్క తెలుగు సినిమా మీదే కాదు. నేషనల్ లాంపూన్ పేజీల్లోనూ, ఆ సినిమాల్లోనూ స్త్రీల పట్ల ఉన్న చూపును ఈనాడు తలదించుకోకుండా చదవడం కష్టం. కలహంలో పుట్టిన హాస్యం గెలిచిన పక్షపు మగవాళ్ళ చేతిలో మిగిలిపోవడం రెండు చోట్లా జరిగింది.

అమెరికా తెలుగువాళ్ళ హాస్యానికి ఇదంతా పాతకథ కాదు. హ్యూస్టన్‌లో స్థిరపడిన కాకినాడ వాస్తవ్యుడు వంగూరి చిట్టెన్ రాజు 'అమెరికామెడీ కథలు' రాసి ఇక్కడి జీవితానికి హాస్యంలో చోటు చూపించాడు. ఉగాదికీ దీపావళికీ ఊరూరా హాస్యనాటికలు వేస్తూనే ఉన్నారు. వాటిలో అత్తగారు ఇండియా నుంచి వచ్చి గిన్నెలు తోమే యంత్రంతో పోట్లాడుతుంది. అల్లుడు వంట చేస్తూ చేయి కాల్చుకుంటాడు. వీసా రాక పెళ్ళి ఆగిపోతుంది. నవ్వు వస్తుంది, వచ్చి పోతుంది. వేదిక మీద కనిపించని సరుకు మాత్రం వేదిక కిందే ఉంది. వధూవరుల వివరాల పట్టికలో ఉద్యోగం పక్కనే నిలిచే కులం గడి, పచ్చకార్డును బట్టి పెరిగే కట్నం, సమానత్వం మీద ఉపన్యాసం ఇచ్చి ఇంటికొచ్చి కూతురి పెళ్ళి విషయంలో మాట మార్చే పెద్దమనిషి. వీరేశలింగం నవ్వినది పరాయివాళ్ళను చూసి కాదు. తన ఊరివాళ్ళను, తన కులంవాళ్ళను, తన పంక్తిలో కూర్చుని భోజనం చేసేవాళ్ళను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ పంక్తి నుంచి ఆయనను వెలివేశారు. కాపెల్ వంటి ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు, వచ్చే శనివారం మళ్ళీ ఎవరో ఒకరి ఇంట్లో విందు ఉంటుంది. నాటిక రాసేవాడు ఆ విందును తలచుకుని అత్తగారినీ గిన్నెల యంత్రాన్నీ ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా ఇక్కడ పాత్రలకు కొరతేమీ లేదు. గిరీశం ఈ ఊరికి వస్తే చుట్ట ఒక్కటీ మానేస్తాడు, అది కూడా భీమా ఖర్చు చూసి. తక్కినదంతా అలాగే ఉంటుంది. వారాంతపు సభలో స్త్రీసమానత్వం మీద మొదటి ఉపన్యాసం అతనిదే. వెంకటేశాన్ని మంచి కాలేజీలో చేర్పించే పద్ధతి మీద ఉచిత సలహా కూడా అతనిదే. ఆ సభకు మధురవాణిని పిలిచే నాటిక ఇంకా ఎవరూ రాయలేదు.